అమెరికాలో ఇల్లు కొనడం కాదు.. బయటపడటమే అసలు పరీక్ష! హబ్సిగూడ నుంచి డబ్బు పంపే ముందు ఈ లెక్క చూడండి

"నాన్నా, ఇక్కడ ఇల్లు చూశాం. డౌన్ పేమెంట్‌కి కొంచెం తగ్గింది. ఏమైనా సర్దగలరా?"

హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల ఇళ్లకి ఇలాంటి ఫోన్ కాల్ కొత్తేం కాదు. ఒకవైపు ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకోవైపు ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. వీటిల్లో పనిచేసి రిటైరై, ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. తల్లిదండ్రుల చేతిలో ఉండేది ఒక ఇల్లు, కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఎప్పుడో ఉప్పల్ అవతల కొన్న ప్లాటు.

పిల్లలు అడిగితే కాదనలేం. కానీ ఆ డబ్బు పంపే ముందు రెండు వైపులా రూల్స్ ఏంటి? 2025లో ఏం మారింది? రేపు పిల్లల ఉద్యోగం పోతే ఆ ఇల్లు ఏమవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు కొనొచ్చా?

కొనొచ్చు. అమెరికాలో ఇల్లు కొనడానికి సిటిజన్‌షిప్ గానీ, గ్రీన్ కార్డ్ గానీ అక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కొనొచ్చు. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు కూడా తమ పేరు మీద కొనొచ్చు.

టెక్సాస్‌లో కొత్త చట్టం వచ్చింది కదా అనే డౌట్ రావొచ్చు. సెనేట్ బిల్ 17 పేరుతో వచ్చిన ఆ చట్టం 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అది చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకి సంబంధించింది. ఆ లిస్టులో ఇండియా లేదు.

మరి మనవాళ్లకి దెబ్బ ఎక్కడ తగిలింది? లోన్ దగ్గర.

ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తలుపు మూసుకుంది

అమెరికాలో మొదటి ఇల్లు కొనేవాళ్లకి బాగా ఉపయోగపడేది ఎఫ్‌హెచ్‌ఏ లోన్. ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉంటుంది. క్రెడిట్ స్కోర్ 580 దాటితే 3.5 శాతం డౌన్ పేమెంట్ చాలు. హెచ్-1బీ ఉన్నవాళ్లకి కూడా ఇది దొరికేది.

2025 మార్చి 26న అక్కడి గృహ నిర్మాణ శాఖ రూల్ మార్చింది. ఆ ఏడాది మే 25 నుంచి పర్మనెంట్ రెసిడెంట్ కానివాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్ లేదు. అంటే హెచ్-1బీ, ఎల్-1, ఓపీటీ మీద ఉన్నవాళ్లంతా అవుట్.

అయితే దారి మొత్తం మూసుకుపోలేదు. కన్వెన్షనల్ లోన్లు ఉన్నాయి. ఫానీ మే, ఫ్రెడీ మాక్ సంస్థల నిబంధనల ప్రకారం ఇచ్చే ఈ లోన్లు, చట్టబద్ధంగా అమెరికాలో ఉంటున్నవాళ్లకి వీసా మీద ఉన్నా దొరుకుతాయి. కాకపోతే స్కోర్ బాగుండాలి, ఆదాయం స్థిరంగా ఉండాలి. డౌన్ పేమెంట్ 20 శాతం కంటే తక్కువైతే మామూలుగా మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ అదనంగా కట్టాలి.

చేతిలో ఎక్కువ డబ్బు ఉంటే పని సులువు అవుతుంది. హబ్సిగూడకి ఫోన్ వచ్చేది అందుకే.

కొనే పద్ధతి మన దగ్గరలా ఉండదు

మన దగ్గర ఇల్లు కొనాలంటే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ చూసుకుని, అడ్వాన్స్ ఇచ్చి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తాం. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం కడతాం.

అమెరికాలో వరస వేరు. ముందు బ్యాంకు నుంచి ప్రీ అప్రూవల్ లెటర్ తెచ్చుకోవాలి. తర్వాత రియల్టర్. 2024 ఆగస్టు 17 నుంచి రియల్టర్‌తో ఇళ్లు చూడ్డానికి వెళ్లే ముందే ఆయన ఫీజు ఎంతో రాసిన అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి. ఇల్లు నచ్చితే ఆఫర్ పెట్టి, అర్నెస్ట్ మనీ కట్టాలి. ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్, అప్రైజల్.

టెక్సాస్‌లో "ఆప్షన్ పీరియడ్" అని ఉంటుంది. కొంత ఫీజు కట్టి, కొన్ని రోజుల పాటు ఏ కారణం లేకుండా వెనక్కి తగ్గే హక్కు కొనుక్కోవచ్చు. న్యూజెర్సీలో లాయర్ చూసుకోవడానికి 3 వర్కింగ్ డేస్ టైమ్ ఉంటుంది. పైపు లీకులు, పైకప్పు, పునాది అన్నీ చెక్ చేయించుకోవడానికి ఈ రోజులే బంగారం.

లింక్ డాక్యుమెంట్ల పని అక్కడ టైటిల్ కంపెనీ చూసుకుంటుంది. పైగా టైటిల్ ఇన్సూరెన్స్ కూడా ఇస్తుంది. ఫైనల్ లెక్కల కాగితం క్లోజింగ్‌కి 3 వర్కింగ్ డేస్ ముందే కొనేవాళ్ల చేతికి రావాలి. క్లోజింగ్ ఖర్చులు మామూలుగా ఇంటి ధరలో 2 నుంచి 5 శాతం వరకు అవుతాయి.

పద్ధతిగానే ఉంది కదా? నిజమే, కొనేటప్పుడు అమెరికా పద్ధతిగానే ఉంటుంది. అసలు విషయం ముందుంది.

హైదరాబాద్‌లో ఎల్‌ఆర్‌ఎస్ వేరు, బ్యాంకులో ఎల్‌ఆర్‌ఎస్ వేరు

మనకి ఎల్‌ఆర్‌ఎస్ అంటే లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్. ప్లాటు ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట వినపడుతుంది. కానీ విదేశానికి డబ్బు పంపాలని బ్యాంకుకి వెళ్తే అక్కడ ఎల్‌ఆర్‌ఎస్ అంటే లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్. 2004లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన స్కీమ్ ఇది. దీని కింద ఒక్కో వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2 లక్షల 50 వేల డాలర్ల వరకు పంపొచ్చు. పాన్ కార్డ్, ఫారం ఏ2 ఉండాలి. పిల్లలకి గిఫ్ట్‌గా పంపడం కూడా ఇందులోకే వస్తుంది.

ఇక్కడే టీసీఎస్ వస్తుంది. గిఫ్ట్ లాంటి వాటికి ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం వసూలు చేస్తుంది. 2025 ఏప్రిల్ 1 ముందు ఈ పరిమితి 7 లక్షలే ఉండేది.

లెక్క చూడండి. నాన్న ఒక్కరే 50 లక్షలు పంపారు అనుకోండి. 40 లక్షల మీద 20 శాతం, అంటే 8 లక్షలు టీసీఎస్. పంపేది 50 లక్షలే అయినా ఖాతాలో 58 లక్షలు ఉండాలి.

అమ్మకి కూడా సొంత డబ్బు ఉండి, చెరో 25 లక్షలు పంపితే? ఒక్కొక్కరికి 15 లక్షల మీద 3 లక్షలు. మొత్తం 6 లక్షలు. అదే మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం పంపితే ఆర్థిక సంవత్సరం మారుతుంది. చెరో పాతిక లక్షల్లో 12.5 లక్షలు మార్చిలో, 12.5 లక్షలు ఏప్రిల్‌లో వెళ్తే, ఒక్కోసారి 2.5 లక్షల మీదే టీసీఎస్ పడుతుంది. మొత్తం 2 లక్షలతో సరిపోతుంది. ఇది ఎగవేత కాదు, రూల్‌లో ఉన్న వెసులుబాటే.

టీసీఎస్ అనేది అదనపు పన్ను కాదు. రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, మిగిలితే వెనక్కి వస్తుంది. కానీ పెన్షన్ మీద బతికేవాళ్లకి అంత డబ్బు రిఫండ్ వచ్చే దాకా ఇరుక్కుపోతే ఇబ్బందే.

ప్లాటు అమ్మి పంపుతున్నారా? ఇది తప్పక చదవండి

ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొంటే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదని చాలామందికి తెలుసు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సెక్షన్ 54, ప్లాటు లాంటి వాటికి 54ఎఫ్ అని అలవాటైన మినహాయింపు అది. కానీ 2014 ఫైనాన్స్ చట్టంలో ఒక చిన్న మాట చేర్చారు: కొనే ఇల్లు "ఇండియాలో" ఉండాలి. 2015-16 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఇదే రూల్.

అంటే ఉప్పల్‌లో ప్లాటు అమ్మి ఆ డబ్బుతో ఫ్రిస్కోలో ఇల్లు కొంటే మినహాయింపు రాదు. పన్ను కట్టాకే పంపాలి. పాతికేళ్ల కింద తక్కువకి కొన్న ప్లాటు అయితే లాభం పెద్దది, పన్ను కూడా పెద్దదే. ప్లాటు ధరని నేరుగా డాలర్లలోకి మార్చి "ఇంత పంపగలం" అని పిల్లలకి మాటిస్తే, తీరా చేతికొచ్చేది అంత ఉండదు.

గిఫ్ట్ లెటర్ మీద సంతకం అంటే ఏంటి?

కొడుకు ఖాతాలోకి సడన్‌గా వచ్చిన పెద్ద మొత్తం ఎక్కడిదని అక్కడి బ్యాంకు అడుగుతుంది. అప్పుడు తల్లిదండ్రుల నుంచి గిఫ్ట్ లెటర్ కావాలంటారు. అందులో ఒక లైన్ ఉంటుంది: ఈ డబ్బు తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేదు.

చాలా ఇళ్లలో ఈ లెటర్‌ని ఫార్మాలిటీ అనుకుంటారు. "రెండేళ్లలో ఇచ్చేస్తా నాన్నా" అనే మాట ఫోన్‌లో ఉంటుంది, "తిరిగి ఇవ్వక్కర్లేదు" అనే మాట కాగితం మీద ఉంటుంది. నిజంగా అప్పు అయితే అది అప్పు అని బ్యాంకుకి చెప్పాలి. గిఫ్ట్ అని రాసి అప్పుగా తీసుకోవడం అంటే బ్యాంకుకి తప్పు సమాచారం ఇవ్వడమే. గిఫ్ట్ అని సంతకం పెడితే, కాగితం ప్రకారం ఆ డబ్బు ఇక మీది కాదు. రేపు హాస్పిటల్ ఖర్చు వస్తే అడిగే హక్కు ఉండదు, పిల్లల మంచితనం మాత్రమే ఉంటుంది. పిల్లలు మంచివాళ్లే. కానీ వాళ్ల ఉద్యోగం మాట ఎవరు చెప్పగలరు?

ఇంకో విషయం. విదేశంలో ఉన్నవాళ్ల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్ట్ వస్తే, తీసుకున్నవాళ్లు అమెరికా పన్ను శాఖకి ఫారం 3520 ఇవ్వాలి. పన్ను ఏమీ ఉండదు, చెప్పాలి అంతే. చెప్పకపోతే నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా పెనాల్టీ పడే అవకాశం ఉంది. అమ్మ 60 వేలు, నాన్న 60 వేలు పంపితే లెక్క విడివిడిగా కాదు, కలిపి చూస్తారు.

మా పేరు మీదే కొంటే పోలా?

"డబ్బు మాది, ఇల్లు మా పేరు మీదే ఉండనీ" అని కొందరికి అనిపించొచ్చు. ఎల్‌ఆర్‌ఎస్ కింద కొనొచ్చు. కానీ అందుకోసం ఇక్కడ బ్యాంకు లోన్ తీసుకుని పంపడం కుదరదు. కొన్నాక ఏటా ఇక్కడి రిటర్న్‌లో విదేశీ ఆస్తి అని చూపించాలి. దాచితే 2015 నాటి బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీ దాకా వెళ్తుంది.

అన్నిటికంటే పెద్దది ఎస్టేట్ ట్యాక్స్. అమెరికాలో ఉండని విదేశీయుడు చనిపోతే, అక్కడున్న ఆస్తిలో 60 వేల డాలర్లకే మినహాయింపు. దాటిన దాని మీద పన్ను 40 శాతం వరకు వెళ్లొచ్చు. అమెరికా పౌరులకైతే 2026లో ఈ మినహాయింపు కోటీ 50 లక్షల డాలర్లు. తేడా చూశారుగా? ఈ పన్ను విషయంలో ఇండియాకీ అమెరికాకీ ఒప్పందం కూడా లేదు. 70 ఏళ్ల తండ్రి పేరు మీద ఇల్లు పెట్టే ముందు ఈ ఒక్క పాయింట్ చాలు ఆలోచించడానికి.

60 రోజుల గడువు, 30 ఏళ్ల లోన్

ఇప్పుడు అసలు విషయం. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. ఆ లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా దేశం వదలాలి.

గ్రీన్ కార్డ్ వస్తే ఈ భయం ఉండదు. కానీ ఉద్యోగ కేటగిరీల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకుండా పరిమితి ఉంది కాబట్టి మనవాళ్ల వెయిటింగ్ దశాబ్దం దాటిపోయింది. పైగా 2025 సెప్టెంబర్ 19న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఆదేశంతో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అది ఏడాది గడువుతో ఇచ్చిన ఆదేశం. అలాంటి సమయంలో ఒకసారి బయటికి వస్తే కొత్త పిటిషన్‌తో తిరిగి వెళ్లడం ఎంత ఖరీదో ఊహించుకోండి.

ఇల్లు మాత్రం 60 రోజుల్లో అమ్ముడుపోతుందని గ్యారంటీ లేదు. కొనేవాళ్లు దొరికాక కూడా లోన్, క్లోజింగ్ అన్నీ కలిపి మామూలుగా నెల, నెలన్నర పడుతుంది.

రెండేళ్లకే అమ్మాల్సి వస్తే?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇల్లు 5 లక్షల డాలర్లు. డౌన్ పేమెంట్ 10 శాతం, అంటే 50 వేలు. డాలర్ 90 రూపాయలు అనుకుంటే ఇది 45 లక్షలు. క్లోజింగ్ ఖర్చు 3 శాతం, 15 వేలు. మొత్తం చేతి నుంచి పెట్టింది 65 వేల డాలర్లు.

మిగతా నాలుగున్నర లక్షలు 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్. నెలకి కిస్తీ సుమారు 2,844 డాలర్లు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ప్రాపర్టీ ట్యాక్స్ ఎక్కువ. 2 శాతం వేసుకున్నా నెలకి 833 డాలర్లు. ఇన్సూరెన్స్, మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్, కాలనీ సంఘం ఫీజు కలిపితే నెలకి 4 వేలు దాటిపోవడం తేలిక.

రెండేళ్లు కట్టాక అసలు ఎంత తీరుతుంది? సుమారు 10,400 డాలర్లు మాత్రమే. మొదటి ఏళ్లలో కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఇంకా బాకీ 4 లక్షల 39 వేల 600.

ఇప్పుడు అమ్మాలి. అమ్మకం ఖర్చులు 6 శాతం అనుకుందాం.

ధర అంతే ఉంటే: చేతికి వచ్చేది సుమారు 30,400. పెట్టింది 65 వేలు. సగానికి పైగా పోయినట్టే.

ధర 5 శాతం తగ్గితే: చేతికి వచ్చేది దాదాపు 6,900 మాత్రమే.

ధర 10 శాతం తగ్గితే: అమ్మినా బాకీ తీరదు. జేబులోంచి ఇంకో 16,600 డాలర్లు వేసి బయటపడాలి.

ధర పెరిగితే ఈ లెక్క తిరగబడుతుంది, లాభం కూడా వస్తుంది. నిజమే. కానీ ధర పెరిగే దాకా ఆగే టైమ్ మన చేతిలో ఉండాలి కదా. వీసా మీద ఉన్నవాళ్లకి లేనిది ఆ టైమే.

అమ్మకుండా అద్దెకి ఇస్తే?

ఇది మంచి దారే. ఇండియాకి వచ్చేసినా ఇల్లు మీదే. అమెరికాలో ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవడానికి మన ఫెమా చట్టం ఒప్పుకుంటుంది. కానీ మూడు చూసుకోవాలి.

ఒకటి, కొన్ని కాలనీ సంఘాలు అద్దెకి ఇవ్వడం మీద పరిమితులు పెడతాయి. కొనే ముందే ఆ రూల్స్ చదవాలి.

రెండు, వచ్చే అద్దె నెలవారీ ఖర్చుకి సరిపోతుందా? సరిపోకపోతే తేడా రూపాయల్లో సంపాదించి డాలర్లలో కట్టాలి.

మూడు, ఇండియాకి వచ్చి అక్కడి పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే, కొనేవాళ్లు అమ్మకం ధరలో మామూలుగా 15 శాతం పట్టి పన్ను శాఖకి కట్టాలి. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. 5 లక్షల ఇంటికి 75 వేల డాలర్లు. కొన్ని సందర్భాల్లో ఈ రేటు తగ్గుతుంది. ఎక్కువైంది రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. కానీ క్లోజింగ్ రోజున ఆ డబ్బు చేతికి రాదు. బ్యాంకు బాకీ తీర్చాల్సింది మాత్రం ఆ రోజే.

మిగతా దేశాల్లో ఎలా ఉంది?

అమెరికా కనీసం కొననిస్తోంది. కెనడాలో 2023 జనవరి 1 నుంచి విదేశీయులు ఇళ్లు కొనడం మీద నిషేధం ఉంది, 2027 జనవరి 1 వరకు పొడిగించారు. వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకి కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు విదేశీయులు పాత ఇళ్లు కొనకుండా ఆపింది. దుబాయ్ రూటు వేరు. 20 లక్షల దిర్హమ్‌ల ఆస్తి కొంటే పదేళ్ల గోల్డెన్ వీసాకి అర్హత వస్తుంది.

గమనించారా? దుబాయ్‌లో ఇల్లు కొంటే ఉండే హక్కుకి దారి దొరుకుతుంది. అమెరికాలో ఎంత పెద్ద ఇల్లు కొన్నా వీసా ఒక్క రోజు కూడా పెరగదు.

మరి ఏం చేయాలి?

కొనొద్దు అని కాదు. పిల్లల స్కూల్, స్థిరత్వం, సొంతిల్లు అనే తృప్తి.. ఇవన్నీ నిజమైన అవసరాలే. కానీ "ఎంత ఇల్లు కొనగలం" అని మొదలుపెట్టకుండా "రెండు నెలల్లో వదిలేయాల్సి వస్తే ఎంత నష్టం తట్టుకోగలం" అని మొదలుపెట్టాలి. ఆ నంబర్ ముందు తేలితే ఇంటి సైజు దానంతట అదే తేలుతుంది.

డబ్బు పంపే ముందు తల్లిదండ్రులు ఈ 5 ప్రశ్నలు అడగండి. అడగడం అనుమానం కాదు, జాగ్రత్త.

1. ఉద్యోగం పోతే 6 నెలల కిస్తీలు, ఖర్చులు పక్కన ఉన్నాయా? పై ఉదాహరణలో అది 24 వేల డాలర్లు.

2. భార్యాభర్తలిద్దరి వీసాలూ ఒకే ఉద్యోగం మీద ఆధారపడి ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా?

3. ఆ ఇల్లు అద్దెకి ఇవ్వడానికి కాలనీ రూల్స్ ఒప్పుకుంటాయా? అద్దె ఎంత వస్తుంది?

4. మేం పంపేది గిఫ్టా, అప్పా? కాగితం మీద ఏం రాస్తున్నాం?

5. ఇది పంపాక మా దగ్గర మా మందులకి, మా ముసలితనానికి ఎంత మిగులుతుంది?

పెద్ద మొత్తం పంపే ముందు ఇక్కడ ఒక సీఏని, అక్కడ ఒక ట్యాక్స్ నిపుణుణ్ని సంప్రదించండి. రూల్స్ మారుతూనే ఉంటాయి.

అయిదో ప్రశ్నకి సమాధానం సరిగ్గా లేకపోతే మొదటి నాలుగూ బాగున్నా పంపకండి. అమెరికాలో ఇల్లు రెండేళ్లు ఆలస్యమైతే పిల్లలు అద్దె ఇంట్లో ఉంటారు, అంతే. ఇక్కడున్న ఒక్క ప్లాటు పోతే, 70 ఏళ్ల వయసులో దాన్ని మళ్లీ కొనడం ఎవరివల్లా కాదు. పైగా పిల్లలు ఎప్పుడైనా తిరిగి రావాల్సి వస్తే, వాళ్లు దిగాల్సింది కూడా ఈ ఇంట్లోనే.